కీవర్డ్‌లు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి: గూగుల్‌లో సైట్ పైకి రావడానికి సమగ్ర మార్గదర్శి

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక చిన్న షాపు ఉందనుకుందాం. షాపాయన వెబ్‌సైట్ చేయించుకున్నాడు. చేసిచ్చిన కుర్రాడు ప్రతి పేజీ అడుగునా సన్నటి అక్షరాలతో ‘మంగళగిరి చీరలు, బెస్ట్ మంగళగిరి చీరలు, మంగళగిరి చీరలు తక్కువ ధర, మంగళగిరి చీరలు ఆన్‌లైన్’ అని ఓ పెద్ద పేరా నింపి, “ఇక గూగుల్‌లో మొదటి ప్లేసు మీదే సార్” అని చెప్పి వెళ్లిపోయాడు. నెలలు గడిచినా ఫోన్ మోగలేదు. ఇలాంటి సైట్లు మన దగ్గర వీధికొకటి ఉంటాయి. కీవర్డ్‌ల మీద, అంటే జనం గూగుల్‌లో కొట్టి వెతికే మాటల మీద, ఇంత గుడ్డినమ్మకం ఒక పక్కన ఉంటే, “ఇప్పుడు కీవర్డ్‌లతో పనే లేదు, కంటెంట్ బాగుంటే చాలు” అనే వీడియో పాఠాలు ఇంకో పక్కన. రెండూ సగం సగమే నిజం.

ఈ చీరల షాపునే ఉదాహరణగా పెట్టుకుని, కీవర్డ్ అసలు ఏం చేస్తుంది, వాటిని ఎలా ఏరుకోవాలి, పేజీలో ఎక్కడ రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నది వరసగా చూద్దాం. మీది కోచింగ్ సెంటరైనా, పచ్చళ్ల వ్యాపారమైనా, వంటల బ్లాగైనా పద్ధతి ఇదే.

ముందు అసలు సంగతి: కీవర్డ్ పని ఎంతవరకు?

గూగుల్ మీ సైట్ చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో ఒక జాబితాలో రాసిపెట్టుకుంటుంది. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదన్నమాట. ఎవరైనా ‘మంగళగిరి కాటన్ చీర’ అని వెతికితే ఆ మాటలున్న పేజీలనూ, అదే అర్థం వచ్చే పేజీలనూ ముందు బయటికి తీస్తుంది. ఆ తర్వాతే వాటిని వరసలో పెడుతుంది. కీవర్డ్ మిమ్మల్ని గుమ్మం దాటిస్తుంది. పీట వేసి కూర్చోబెట్టేది వేరే సంగతులు.

మరి ఒకే మాటను ఎక్కువసార్లు రాస్తే ఎక్కువ బలం వస్తుందా? సెర్చ్ రంగంలో పాఠ్యపుస్తకాలకెక్కిన లెక్క ఒకటుంది, బీఎం25 అంటారు. గూగుల్ తన అసలు సూత్రాన్ని బయటపెట్టదు గానీ, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో మామూలుగా నడిచేది ఇదే. పేజీ పొడవు సంగతి పక్కన పెట్టి, అందులో సాధారణంగా తీసుకునే 1.2 విలువతో లెక్కేసి చూడండి. మాట ఒకసారి ఉంటే 1 మార్కు. రెండుసార్లుంటే 1.38. ఐదుసార్లకు 1.77, పదిసార్లకు 1.96. యాభైసార్లు రాసినా 2.15 దగ్గరే ఆగుతుంది. వెయ్యిసార్లు రాసినా 2.2 దాటదు. రావాల్సిన లాభంలో ఎక్కువ భాగం మొదటి నాలుగైదు సార్లలోనే వచ్చేస్తుంది. ఆ పైన రాసేదంతా మీ ఓపిక, చదివేవాళ్ల చిరాకు.

గూగుల్ దీన్ని ఎప్పుడో దాటిపోయింది. ఫలితాలను వరసపెట్టే పద్ధతిని అది మారుస్తూనే వచ్చింది, ఆ మార్పులకు పేర్లూ పెట్టారు. 2011లో పాండా అప్‌డేట్ పసలేని పేజీలను కిందికి తోసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చి దొంగ లింకులు కట్టించుకున్నవాళ్లను, కీవర్డ్‌లు కుక్కినవాళ్లను పట్టుకుంది. 2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ వచ్చాక విడివిడి మాటలకన్నా వాక్యం మొత్తం అర్థానికి ప్రాధాన్యం పెరిగింది. 2023 అక్టోబరులో, అమెరికాలో జరిగిన గుత్తాధిపత్య కేసులో గూగుల్ సెర్చ్ విభాగం వైస్ ప్రెసిడెంట్ పాండు నాయక్ సాక్ష్యమిస్తూ నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ గురించి వివరించారు. జనం ఏ వెతుకులాటకు ఏ ఫలితాన్ని నొక్కారన్న 13 నెలల సమాచారాన్ని అది వాడుకుంటుంది. అంటే మాటలు సరిపోయినంత మాత్రాన అవదు, వచ్చినవాళ్లకు పని జరగాలి కూడా.

ఇది తెలిశాక ఇక పనిలోకి దిగొచ్చు.

మొదటి మెట్టు: మీ మాట వదిలేసి కొనేవాళ్ల మాట పట్టుకోండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతాదంతా సులువు. చాలామంది దీన్నే దాటేసి నేరుగా ఏదో కీవర్డ్ టూల్ తెరుస్తారు.

షాపాయన సైట్‌లో రాసుకున్నది ‘ఎక్స్‌క్లూజివ్ ప్రీమియం కలెక్షన్’. ఆయన వాట్సాప్ తెరిచి చూస్తే కథ వేరేగా ఉంటుంది. “అన్నా, పట్టు బై కాటన్ ఉందా?” “నిజాం బోర్డర్ చిన్నది చూపించండి.” “ఇది హ్యాండ్‌లూమా, పవర్‌లూమా?” “బ్లౌజ్ పీస్ వస్తుందా?” “డ్రెస్ మెటీరియల్ మీటరు లెక్కన ఇస్తారా?” “డాలస్‌కి పంపిస్తారా, ఎన్ని రోజులు పడుతుంది?” వీటిలో ఏ ఒక్కదాంట్లోనూ ‘ఎక్స్‌క్లూజివ్’ లేదు, ‘ప్రీమియం’ లేదు. ఈ ప్రశ్నలే కీవర్డ్‌లు. పైసా ఖర్చు లేకుండా మీ ఫోన్‌లోనే పడి ఉన్నాయి.

ఒక నోట్‌బుక్కో గూగుల్ షీటో తీసుకోండి. రెండు మూడు నెలల చాటింగులు, ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు, కౌంటర్ దగ్గర అడిగే మాటలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు అందులోకి ఎక్కించండి. వ్యాకరణం దిద్దొద్దు. ‘నిజాం బార్డర్’ అని రాస్తే ‘బార్డర్’ అనే ఎక్కించండి.

ఆ తర్వాత గూగుల్‌నే అడగండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ‘మంగళగిరి’ అని కొట్టి ఆగండి. కింద వరసగా సూచనలు దిగుతాయి. మాట తర్వాత ఒక ఖాళీ వదిలి ఒక్కో అక్షరం కొడుతూ వెళ్తే కొత్త సూచనలు వస్తుంటాయి. ఫలితాల పేజీలో కనిపించే ‘పీపుల్ ఆల్సో ఆస్క్’ ప్రశ్నలను, అట్టడుగున ఉండే సంబంధిత వెతుకులాటలను కూడా షీట్‌లో వేసుకోండి. ఇన్‌కాగ్నిటోలో కూడా మీరున్న ఊరిని బట్టి ఫలితాలు మారతాయి. విజయవాడలో కూర్చుని చూసేది న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు కనిపించదు.

టూల్స్ విషయానికొస్తే, గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఉచితమే గానీ గూగుల్ యాడ్స్ ఖాతా ఉండాలి. ప్రకటనల మీద ఖర్చు పెట్టనివాళ్లకు ఖచ్చితమైన అంకెలు ఇవ్వదు, 100 నుంచి 1,000, 1,000 నుంచి 10,000 అంటూ విశాలమైన పరిధులే చూపిస్తుంది. తెలుగు లిపిలో కొట్టిన చాలా మాటలకు అదీ ఉండదు. అంకె లేదని ఆ మాటను కొట్టేయకండి. రోజూ వచ్చే వెతుకులాటల్లో 15 శాతం అంతకు ముందెన్నడూ చూడనివేనని గూగుల్ ఏళ్లుగా చెబుతూనే ఉంది. వాటి అంకె ఏ టూల్‌లోనూ దొరకదు. గూగుల్ ట్రెండ్స్ మాత్రం సీజన్ తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను విడివిడిగా పెట్టి చూడొచ్చు.

రెండో మెట్టు: ఒకే మాటకు మూడు రాతలు

మనవాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో ‘మంగళగిరి చీరలు’ అని. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటను ‘mangalagiri cheeralu’ అని కొట్టి. ఇంకా, పూర్తి ఇంగ్లిష్‌లో ‘మంగళగిరి కాటన్ సారీస్ విత్ ప్రైస్’ అని. గొంతుతో అడిగేవాళ్లు తెలుగులో పూర్తి వాక్యమే అడుగుతారు.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గర చీరల షాపుకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మనం ఊరి పేరు రాసేటప్పుడు ‘ఎల్’ తర్వాత ‘ఎ’ పెడతాం. ఉత్తరాదివాళ్లు ఆ ‘ఎ’ తీసేసి ‘మంగల్‌గిరి’ అని పలికినట్టే రాస్తారు. పెద్ద షాపింగ్ సైట్లలోనూ ఆ స్పెల్లింగ్ విరివిగా ఉంటుంది. చీర అన్న మాటకు ఇంగ్లిష్‌లో రెండు స్పెల్లింగులు. మీ కొనుగోలుదార్లలో బెంగళూరు, పుణె, ఢిల్లీవాళ్లు ఉంటే వాళ్లు ఏది కొడుతున్నారో తెలుసుకోవడం మీ వ్యాపారం.

అలాగని ప్రతి స్పెల్లింగుకూ ఒక పేజీ చేయొద్దు. స్పెల్లింగ్ తేడాలను, చిన్న చిన్న తప్పులను గూగుల్ బాగానే కలుపుకుంటుంది. ఎక్కువమంది వాడే రూపం టైటిల్‌లో పెట్టండి. రెండో రూపాన్ని పేజీలో ఒక్కచోట, అవసరం ఉన్నచోట సహజంగా రానివ్వండి. ‘ఉత్తరాదిలో మంగల్‌గిరి అని కూడా అంటారు’ అని ఒక్క వాక్యం చాలు.

తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ రెండూ కావాలంటే రెండూ విడిగా, పూర్తిగా రాయండి. సగం తెలుగు, సగం మెషిన్ చేసిన ఇంగ్లిష్ కలిపిన పేజీ ఎవరికీ పనికిరాదు. రెండు భాషల పేజీలు సిద్ధమయ్యాక హెచ్‌రెఫ్‌ల్యాంగ్ అనే ట్యాగ్‌తో (ఇవి ఒకే పేజీకి రెండు భాషల రూపాలని గూగుల్‌కు చెప్పేది) వాటిని జతచేయమని మీ డెవలపర్‌కు చెప్పండి.

మూడో మెట్టు: అడిగినవాళ్లకు ఏం కావాలో తేల్చుకోండి

షీట్‌లో ఇప్పుడు వంద మాటలు ఉన్నాయనుకోండి. ఒక్కోదాని పక్కన అడిగినవాళ్ల అవసరం రాయండి. ‘ఒరిజినల్ మంగళగిరి చేనేత చీర ఎలా గుర్తుపట్టాలి’ అన్నవాళ్లు తెలుసుకోవడానికి వచ్చారు. ‘పట్టు బై కాటన్ మంగళగిరి చీర ధర’ అన్నవాళ్లు పర్సు తీయబోతున్నారు. ‘మంగళగిరి చీరలు హోల్‌సేల్’ అన్నవాళ్లు అసలు వేరే మనిషి. ఏ నెల్లూరులోనో షాపు నడుపుకుంటూ ఇరవై చీరలు ఒకేసారి కావాలనేవాళ్లు. ఈ ముగ్గురికీ ఒకే పేజీ చూపిస్తే ముగ్గురూ వెనక్కి పోతారు.

అనుమానం వస్తే ఆ మాటను గూగుల్‌లో కొట్టి మొదటి పది ఫలితాలు చూడండి. అన్నీ అమ్మకపు పేజీలే ఉంటే అక్కడ మీ వ్యాసం నిలబడటం కష్టం. అన్నీ వ్యాసాలే ఉంటే మీ ప్రొడక్ట్ పేజీ నిలబడదు. అన్నీ వీడియోలే కనిపిస్తే ఒక వీడియో తీసి పేజీలో పెట్టే ఆలోచన చేయండి. ఏ రకం పేజీ కావాలో జనం ఇప్పటికే ఓటు వేసి చెప్పేశారు, దానితో వాదన పెట్టుకోవడం దండగ.

ఇంకో మాట. ఒట్టి ‘చీరలు’ లాంటి మాట కోసం పోటీ పడకండి. పెద్ద పెద్ద సైట్లు ఏళ్ల తరబడి అక్కడ పాతుకుపోయి ఉన్నాయి. ‘నిజాం బోర్డర్ మంగళగిరి కాటన్ చీర బ్లౌజ్‌తో’ అని వెతికేవాళ్లు తక్కువే. కానీ వాళ్లు మీ దగ్గరికి వచ్చారంటే కొనే అవకాశం ఎక్కువ.

నాలుగో మెట్టు: ఒక అవసరానికి ఒక పేజీ

ఒకే అర్థం వచ్చే మాటలన్నిటినీ ఒక గుంపు చేయండి. ‘మంగళగిరి కాటన్ చీరలు’, ‘మంగళగిరి నూలు చీరలు’, ‘మంగళగిరి హ్యాండ్‌లూమ్ కాటన్ సారీస్’ మూడూ ఒకే గుంపు, ఒకే పేజీ. ‘మంగళగిరి డ్రెస్ మెటీరియల్’ ఇంకో గుంపు. ‘హోల్‌సేల్’ ఇంకోటి. ‘అసలు చేనేతను గుర్తుపట్టడం’ ఇంకోటి. చిన్న షాపుకు ఆరేడు గుంపులు తేలితే ఎక్కువే.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఒకే గుంపుకు రెండు మూడు పేజీలు తయారవుతాయి. నిరుడు రాసిన ‘మంగళగిరి కాటన్ చీరల ప్రత్యేకత’, ఈ ఏడు రాసిన ‘మంగళగిరి కాటన్ చీరలు ఎందుకు కొనాలి’ రెండూ ఒకదాన్నొకటి తింటాయి. దేన్ని చూపించాలో గూగుల్‌కు తేలదు, ఓసారి ఇదీ ఓసారి అదీ చూపిస్తుంది, రెండూ పైకి రావు. రెంటినీ కలిపి మంచిదాన్ని ఉంచి, రెండోదాన్ని 301 రీడైరెక్ట్‌తో (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా వేరే పేజీకి పంపే ఏర్పాటు) దాని మీదికి మళ్లించండి.

ఐదో మెట్టు: మాట ఎక్కడ రాయాలి

అన్నిటికన్నా బరువైన చోటు పేజీ టైటిల్. బ్రౌజర్ ట్యాబ్‌లోనూ, గూగుల్ ఫలితంలో నీలం అక్షరాల్లోనూ కనిపించేది అదే. మన సైట్లలో సగం టైటిళ్లు ‘హోమ్’ అనో, ‘వెల్‌కమ్’ అనో ఉంటాయి. ఎంత నష్టమో లెక్కే లేదు. షాపు పేజీకి ఇలా రాయొచ్చు: ‘మంగళగిరి కాటన్ చీరలు, నిజాం బోర్డర్‌తో’, ఆపై ఒక నిలువు గీత, ఆపై షాపు పేరు. ముఖ్యమైన మాట ముందుండాలి. ఫోన్‌లో టైటిల్ మధ్యలోనే తెగిపోవచ్చు, తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి ఇంకా త్వరగా తెగుతాయి. ప్రతి పేజీకీ టైటిల్ వేరుగా ఉండాలి. మీ టైటిల్ పేజీలోని విషయానికి పొసగకపోతే గూగుల్ దాన్ని తనే మార్చి చూపిస్తుంది కూడా.

పేజీ లోపలి పెద్ద హెడ్డింగ్ టైటిల్‌కు దగ్గరగా ఉంటే చాలు, అచ్చుగుద్దినట్టు అదే ఉండక్కర్లేదు. మొదటి పేరాలో ఆ మాట ఒకసారి రావాలి. ఉపశీర్షికల్లో ఆ మాటే తిప్పి తిప్పి రాయకుండా, వాట్సాప్ ప్రశ్నలను పెట్టండి: ‘బ్లౌజ్ పీస్ వస్తుందా?’, ‘రంగు పోతుందా?’, ‘అమెరికాకు ఎన్ని రోజులు?’

ఫొటోల విషయంలో మనవాళ్లు బొత్తిగా పట్టించుకోరు. కెమెరా పెట్టిన అంకెల పేరుతోనే ఫైల్ ఎక్కిస్తారు. దాని పేరు మార్చి, ఆల్ట్ టెక్స్ట్‌లో బొమ్మలో ఉన్నది ఉన్నట్టు రాయండి: ‘ఆకుపచ్చ మంగళగిరి కాటన్ చీర, ఎర్ర నిజాం బోర్డర్’. చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది కూడా ఇదే. చీరల వ్యాపారంలో గూగుల్ ఇమేజెస్, లెన్స్ నుంచి కూడా మనుషులు వస్తారు.

సైట్ లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఇచ్చేటప్పుడు ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని రాయకండి. ‘చేనేతను గుర్తుపట్టే పద్ధతి’ అన్న మాటల మీదే లింకు పెట్టండి. ఆ మాటలను బట్టి అవతలి పేజీ దేని గురించో గూగుల్ అర్థం చేసుకుంటుంది. ఖర్చు లేని పని, ఫలితం బాగా కనిపించే పని. అయినా ఎవరూ చేయరు.

మెటా డిస్క్రిప్షన్ ర్యాంకును పెంచదు. కానీ ఫలితం కింద కనిపించి క్లిక్ చేయించేది చాలాసార్లు అదే కాబట్టి రెండు వరసలు శ్రద్ధగా రాయండి. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల జాబితా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్ మాత్రం శుద్ధ దండగ. దాన్ని ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇప్పటికీ దాన్ని నింపడానికి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు.

ఆరో మెట్టు: పేరా ఎలా రాయాలి

కుర్రాడు రాసిచ్చింది ఇది:

“మంగళగిరి చీరలు కావాలా? మా మంగళగిరి చీరలు బెస్ట్ మంగళగిరి చీరలు. మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో కొనాలంటే తక్కువ ధరలో మంగళగిరి చీరలు మా దగ్గరే.”

ఇలా రాయొచ్చు:

“గుంట మగ్గం మీద నేసిన మంగళగిరి కాటన్ చీర ఇది. ఒంట్లో బుటాలు ఉండవు, అందమంతా నిజాం బోర్డర్‌లోనే. పొడవు ఐదున్నర మీటర్లు, బ్లౌజ్ పీస్ విడిగా వస్తుంది. మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి. గంజి పెడితే మడత నిలుస్తుంది.”

రెండో దాంట్లో కీవర్డ్ ఒక్కసారే ఉంది. కానీ గుంట మగ్గం, బుటాలు, నిజాం బోర్డర్, బ్లౌజ్ పీస్, గంజి అన్నీ వచ్చాయి. చీర సంగతి తెలిసినవాళ్లు రాస్తే వాటంతటవే వచ్చే మాటలివి. వెతికేవాళ్లు కొట్టే మాటలూ ఇవే. వీటికి కొందరు ‘ఎల్‌ఎస్‌ఐ కీవర్డ్స్’ అని పెద్ద పేరు పెట్టి జాబితాలు అమ్ముతారు. అలాంటివేమీ లేవని గూగుల్‌కు చెందిన జాన్ మ్యూలర్ 2019లోనే కొట్టిపారేశారు. వస్తువు గురించి తెలిసిన మనిషిని కూర్చోబెట్టి రాయించండి, ఆ జాబితా కొనాల్సిన పని లేదు.

‘కీవర్డ్ డెన్సిటీ 2 శాతం ఉండాలా, 3 శాతమా?’ అన్న టెన్షన్ వదిలేయండి. అలాంటి లెక్క గూగుల్ ఎక్కడా చెప్పలేదు. రాసింది గట్టిగా చదవండి. చెవికి అడ్డం తగిలిన చోట ఆ మాట తీసేసి ‘ఈ చీర’ అనో ‘ఇది’ అనో పెట్టండి.

తెలుగులో రాసేవాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కులు

మన భాషలో మాటకు విభక్తి అతుక్కుంటుంది. చీర, చీరలు, చీరను, చీరకి, చీరల్లో, చీరలంటే. కీవర్డ్ చెడిపోతుందేమోనని ‘మంగళగిరి చీరలు యొక్క ధర’ అని కృత్రిమంగా రాసేవాళ్లను చూస్తుంటాం. ‘మంగళగిరి చీరల ధర’ అని హాయిగా రాయండి. టైటిల్‌లో మాట అసలు రూపంలో ఒకసారి ఉంటే, లోపల వాక్యం ఎలా అడిగితే అలా మారనివ్వొచ్చు.

‘పచ్చళ్లు’, ‘పచ్చళ్ళు’ లాంటి జంట రూపాలుంటే ఒకటి ఎంచుకుని సైటంతా దానికే కట్టుబడండి. ‘హోల్‌సేల్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయక ‘హోల్సేల్’ అని ఒత్తుగా మారుస్తాయి. ఒకే పేజీలో రెండూ కలగాపులగంగా ఉంటే చూడటానికీ బాగోదు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన కరపత్రం మ్యాటర్‌ను నేరుగా సైట్‌లో అతికించకండి. అది యూనికోడ్ కాదు. తెరమీద తెలుగులా కనిపించేలా చేసినా, గూగుల్‌కు అది అర్థంలేని గుర్తుల మూటే. యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది పెట్టండి. కరపత్రాన్ని ఫొటో తీసి బొమ్మగా పెట్టడం కూడా ఇంచుమించు అంతే. ధరలు, చిరునామా, పనివేళలు బొమ్మలో ఉంటే పక్కనే అక్షరాల్లోనూ రాయాలి.

పేజీ చిరునామా తెలుగులో పెట్టొచ్చా? పెట్టొచ్చు, గూగుల్ చదువుకుంటుంది. కానీ వాట్సాప్‌లో అతికించినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాల కోడ్‌గా విడిపోవచ్చు. ‘మంగళగిరి-చీరలు’ అన్న చిన్న చిరునామా అప్పుడు 118 అక్షరాల చాంతాడు అవుతుంది. చూసినవాళ్లు ఏదో మోసపు లింకనుకుంటారు. అందుకే చిరునామా వరకు ఇంగ్లిష్ అక్షరాల్లో, పొట్టిగా, మాటల మధ్య అడ్డగీతతో పెట్టమంటాను. కింది గీత వద్దు.

ఏడో మెట్టు: తీసేయాల్సినవి

పేజీ అడుగున కుక్కిన కీవర్డ్ పేరా మొదట తీసేయండి. తెల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలతో దాచినవి ఉంటే అవి కూడా. కీవర్డ్‌లు కుక్కడం, అక్షరాలు దాచడం రెండూ గూగుల్ స్పామ్ నిబంధనల్లో పేరుపెట్టి చెప్పినవే.

‘గుంటూరులో మంగళగిరి చీరలు’, ‘తెనాలిలో మంగళగిరి చీరలు’, ‘ఏలూరులో మంగళగిరి చీరలు’ అంటూ ఊరి పేరు మాత్రమే మార్చి యాభై పేజీలు పెట్టడం మన దగ్గర పెద్ద ఫ్యాషన్. వీటిని డోర్‌వే పేజీలంటారు, ఇవీ నిబంధనలకు విరుద్ధమే. తెనాలిలో మీకు నిజంగా బ్రాంచి ఉంటే, దాని ఫొటోలు, చిరునామా, పనివేళలతో పేజీ పెట్టండి. లేకపోతే వద్దు. ఏఐతో వందల వ్యాసాలు దించి ఎక్కించేవాళ్ల కోసం 2024 మార్చిలో విడిగా ఒక నిబంధనే వచ్చింది. మనిషి రాశాడా, మెషిన్ రాసిందా అన్నది కాదు, ర్యాంకు కోసమే పసలేని పేజీలు గుట్టలుగా పోస్తున్నారా అన్నదే అందులో ప్రశ్న.

మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌లో షాపు పేరు బోర్డు మీద ఉన్నదే ఉండాలి. పేరు పక్కన ‘బెస్ట్ మంగళగిరి చీరలు హోల్‌సేల్’ అని తగిలిస్తే కొన్నాళ్లు లాభం కనిపించొచ్చు. పక్క షాపువాళ్లు ఫిర్యాదు చేశారంటే ప్రొఫైలే సస్పెండ్ కావచ్చు. ఆ మాటలన్నీ కేటగిరీలోనూ, వివరణలోనూ, ఫొటోల్లోనూ చూపించుకోండి.

ఎనిమిదో మెట్టు: ఫలితం చూసి దిద్దుకోవడం

మీ సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. సైట్‌ను దానికి కలిపారా లేదా అన్నది మీ డెవలపర్‌ను ఇవాళే అడగండి. లాగిన్ మీ చేతిలో ఉండాలి, అతని చేతిలో కాదు. పర్ఫార్మెన్స్ రిపోర్టులో ఏ మాటకు మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయి, సగటు స్థానం ఎంత అన్నవి ఉంటాయి. వెనక్కి 16 నెలల దాకా చూడొచ్చు. చాలా తక్కువమంది అడిగిన మాటలను గోప్యత కోసం చూపించదు, అందుకే మాటల కూడిక మొత్తంతో సరిపోదు, కంగారుపడక్కర్లేదు.

నేనైతే ముందుగా 8 నుంచి 20 మధ్య స్థానంలో ఉన్న మాటలను వడగడతాను. గూగుల్ ఇప్పటికే మీ పేజీని ఈ విషయానికి తగినదని ఒప్పుకుంది, ఇంకొంచెం పైకి తోస్తే చాలు. ఆ పేజీలో ఏ ప్రశ్నకు జవాబు లేదో చూసి చేర్చండి. సైట్‌లోని మిగతా పేజీల నుంచి దానికి రెండు మూడు లింకులు ఇవ్వండి. ఫొటోలు మార్చండి.

స్థానం పైనే ఉండి క్లిక్కులు రాకపోతే టైటిల్ మీద అనుమానపడండి. ధర, బ్లౌజ్ పీస్, ఉచిత డెలివరీ లాంటి అసలు సంగతి అందులో లేకపోవచ్చు. లేదా ఆ ప్రశ్నకు గూగుల్ పైనే జవాబు చూపించేస్తుండొచ్చు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ ఏఐ ఓవర్‌వ్యూలు వస్తున్నాయి. ‘చేనేత అంటే ఏమిటి’ లాంటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికితే ఎవరూ లోపలికి రారు. అలాంటి పేజీ మీద కష్టపడటం తగ్గించి, కొనేవాళ్ల ప్రశ్నల మీద పెట్టండి.

ఒకే మాటకు రెండు పేజీలు కనిపిస్తుంటే నాలుగో మెట్టుకు వెళ్లి వాటిని కలపండి. మీరు ఎక్కడా రాయని మాటకు మీ పేజీ కనిపిస్తుంటే అది దొరికిన నిధి, షీట్‌లో ఎక్కించుకోండి.

మార్పు చేశాక సెర్చ్ కన్సోల్‌లోనే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లి మళ్లీ చదవమని కోరవచ్చు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆగాలి. కొన్ని మార్పులు గంటల్లో పట్టుకుంటాయి, కొన్నిటికి నెలలు పడుతుందని గూగులే చెబుతుంది. రోజూ టైటిల్ మార్చేవాళ్లకు ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీ షీట్‌లో రాసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా పేజీ కదలకపోతే కారణం కీవర్డ్ కాకపోవచ్చు. ఫోన్‌లో పేజీ తెరుచుకోవడానికి పది సెకన్లు పడుతుందేమో, బయటి నుంచి ఒక్క మంచి సైటూ మీకు లింకు ఇవ్వలేదేమో, పోటీ పేజీలో నలభై చీరలు ధరలతో ఉంటే మీ దాంట్లో నాలుగే ఉన్నాయేమో చూడండి.

సీజన్ పేజీల సంగతి విడిగా చెప్పాలి. ‘శ్రావణమాసం చీరలు’, ‘ఆషాఢం ఆఫర్లు’, ‘సంక్రాంతి చీరలు’ లాంటి వాటికి ఏడాదికో కొత్త పేజీ పెట్టి పాతదాన్ని వదిలేయడం అలవాటైపోయింది. చిరునామాలో సంవత్సరం లేకుండా ఒక్కటే పేజీ ఉంచండి, ఏటా సరుకు, ధరలు, టైటిల్‌లోని సంవత్సరం మాత్రం మార్చండి. దానికి వచ్చిన లింకులు, పేరు పోగవుతూ ఉంటాయి. వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు పేజీ దిద్దితే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే. ట్రెండ్స్‌లో ఆ మాట ఎప్పుడు లేస్తుందో చూసి, దానికి నెలన్నర రెండు నెలల ముందే కొత్త చీరల ఫొటోలు ఎక్కించి పెట్టుకోవాలి.